ఇసుకమేటల కథ: 'వేవ్స్ అండ్ బీచెస్' గ్రంథ పరిశీలన

సముద్రాన్ని గురించి సామాన్య పాఠకుల కోసం వెలువడిన శాస్త్ర గ్రంథాలలో విల్లర్డ్ బాస్కం రచించిన 'వేవ్స్ అండ్ బీచెస్'కు ప్రత్యేక స్థానం ఉన్నది. 1964లో అమెరికాలో అచ్చయిన ఈ చిన్న పుస్తకం 'సైన్స్ స్టడీ సిరీస్' అనే గ్రంథమాలలోనిది. ఉన్నత పాఠశాలలలో భౌతికశాస్త్ర బోధనను సంస్కరించటానికి 1956లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఏర్పడిన సంఘం ఈ గ్రంథమాలకు మూలం. అంటే, విద్యార్థులూ ఉపాధ్యాయులూ చదవాలనే ఉద్దేశంతోనే వ్రాసిన పుస్తకం ఇది. 1980లో దీనికి సవరించిన ముద్రణ వచ్చింది. 2000లో బాస్కం మరణించిన తరువాత కిమ్ మెకాయ్ మరొక కూర్పును సిద్ధం చేశాడు. అరవై ఏళ్ళు దాటినా పాఠకులు తగ్గని శాస్త్ర గ్రంథాలు అరుదు. అందుచేతనే దీనిని గౌరవంతోపాటు విమర్శనాదృష్టితో కూడా చదవవలసి ఉన్నది. ఈ పరిశీలన 1964 నాటి మొదటి ముద్రణకూ, అందులోను తీరం దగ్గర ఏర్పడే ఇసుకమేటల విషయానికీ పరిమితం.

గ్రంథకర్త అనుభవం

రెండవ ప్రపంచ యుద్ధంలో సేనలను ఇసుక తీరాల మీద దింపవలసి వచ్చింది. పడవ ఎక్కడ నేలకు తగులుతుంది, ఎంత లోతు నీటిలో సైనికుడు దిగవలసి ఉంటుంది అనే ప్రశ్నలకు అప్పట్లో సరియైన సమాధానం లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మారో ఓబ్రయన్ నాయకత్వాన ఈ సమస్య మీద పరిశోధన సాగింది. అందులో పాల్గొన్న బాస్కం, జాన్ ఐజాక్స్ నేల మీదా నీటి మీదా నడిచే ఆరు చక్రాల 'డక్' లారీలను పసిఫిక్ తీరంలో కెరటాలు విరిగే చోటికే తోలుకుపోయారు. అక్కడ సీసపు గుండు కట్టిన తాడును జారవిడిచి లోతులు కొలిచారు. విరుచుకుపడే కెరటాల నడుమ ఈ పని ప్రాణాపాయంతో కూడినది.

ఈ అనుభవమే పుస్తకానికి ప్రాణం. కెరటాన్ని గురించి వ్రాసేవాడు దాని కింద నలిగినవాడైతే మాటకు బలం వస్తుంది. ఇసుక రేణువు ఎంత సన్నగా ఉంటే తీరపు వాలు అంత తక్కువగా ఉంటుందనే సంబంధాన్ని బాస్కం 1951లో కొలతలతో నిరూపించాడు. కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే అనే ఒకే అఖాతంలో కొండకొమ్ము చాటున సన్నని ఇసుక, చదునైన తీరం. కెరటాలకు ఎదురుగా ఉన్న చోట ముతక ఇసుక, నిటారు తీరం. ఏ విద్యార్థి అయినా ఒక జల్లెడ, ఒక మట్టపు బద్ద తీసుకుని తన ఊరి తీరంలో సరిచూసుకోగల సత్యం ఇది. ఇటువంటి పాఠాలలో ఈ గ్రంథానికి సాటి వచ్చేవి తక్కువ.

గ్రంథం చెప్పే కథ

ఇసుకమేటల విషయంలో గ్రంథం చెప్పే కథ సరళమైనది. చలికాలంలో దూరపు తుఫానులలో పుట్టిన ఎత్తైన కెరటాలు ఒకదాని వెంట ఒకటి తీరాన్ని తాకుతాయి. ఒడ్డున ఉన్న ఇసుక మిట్టను కోసి, ఆ ఇసుకను నీటిలోకి లాగుతాయి. ఆ ఇసుక ఒడ్డుకు కొంత దూరంలో, తీరానికి సమాంతరంగా, నీటి అడుగున పొడుగాటి గట్టు మాదిరిగా పేరుకొంటుంది. దానినే ఇసుకమేట అంటున్నాము. వేసవిలో వచ్చే చిన్న కెరటాలు, విశ్రాంతిగా, ఆ మేటలోని ఇసుకను మళ్ళీ ఒడ్డుకు చేరుస్తాయి. మిట్ట తిరిగి లేస్తుంది, మేట కరిగిపోతుంది. చలికాలపు తీరం ఒకటి, వేసవి తీరం ఒకటి. రెంటికీ రెండు అడ్డుకోత పటాలు.

ఈ వర్ణనలో అసత్యం లేదు. తుఫానుకు కొట్టుకుపోయిన ఇసుక అంతా సముద్రగర్భంలో కలిసిపోయిందని విచారించే సామాన్యునికి, అందులో చాలా భాగం కొద్ది దూరంలోనే దాగి ఉన్నదని చెప్పటం గొప్ప ఉపకారం. అయితే శాస్త్రంలో వర్ణన వేరు, వివరణ వేరు. పెద్ద కెరటం ఇసుకను తీసుకుపోతుంది, చిన్న కెరటం తెస్తుంది అని చెప్పినంత మాత్రాన ఎందుకు తీసుకుపోతుంది, ఎందుకు తెస్తుంది అనే ప్రశ్న తీరదు. సముద్రానికి రెండు స్వభావాలు అంటగట్టి, కోపం వచ్చినప్పుడు దొంగ, శాంతించినప్పుడు దాత అన్నట్లు కథ ముగుస్తుంది. తరగతి గదిలో ఈ కథ సులభంగా నిలిచిపోతుంది. అక్కడే దాని ప్రమాదం కూడా ఉన్నది.

పేర్లలోని చిక్కు

మొదటి లోపం చిన్నది. 'చలికాలపు తీరం', 'వేసవి తీరం' అనే పేర్లు కాలిఫోర్నియా, ఆరెగాన్ తీరాలకు సరిపోతాయి. ఆంధ్ర తీరంలో అవి అక్కరకు రావు. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనాలు కెరటాలను ఎగదోస్తాయి. తీవ్రమైన తుఫానులు ముఖ్యంగా మే నెలలోను, అక్టోబరు, నవంబరులలోను వస్తాయి. పంచాంగం చూసి తీరపు స్థితిని చెప్పటం సాధ్యం కాదు. కెరటాన్ని చూసి చెప్పాలి. నిజానికి విశాఖపట్నం తీరంలో ఈ పరిశీలన ఏనాడో మొదలైంది. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో ఇసుక కదలికలను కొలిచిన యూజీన్ లఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, వాల్తేరు తీరంలో ఇసుక కోతలను, పూడికలను స్థానిక పరిశోధకులతో కలిసి అధ్యయనం చేశాడు. పసిఫిక్ తీరపు పేర్లను అప్పగించుకొనే అవసరం తెలుగు విద్యార్థికి లేదు.

ఎదురెదురు బలాలు

రెండవ లోపం ముఖ్యమైనది. ఇసుకను లోపలికి లాగే బలం, ఒడ్డుకు నెట్టే బలం వేరువేరు రోజులలో వచ్చిపోయేవి కావు. కెరటాలు విరిగే చోట ఆ రెండూ ఏకకాలంలోనే పనిచేస్తూ ఉంటాయి. ఏది పైచేయి అయితే ఇసుక అటు పోతుంది. ఈ మాటను ఒక చిన్న లెక్కతో తరగతిలో చూపవచ్చును.

కెరటం లోతు తక్కువ నీటిలోకి వచ్చేసరికి దాని ఆకారం మారుతుంది. శృంగం సన్నగా, ఎత్తుగా అవుతుంది. ద్రోణి చదునుగా, పొడవుగా సాగుతుంది. శృంగం కింద నీరు కొద్దిసేపు వేగంగా ఒడ్డువైపు కదులుతుంది. ద్రోణి కింద ఎక్కువసేపు నెమ్మదిగా సముద్రంవైపు కదులుతుంది. 12 సెకన్లకు ఒకటి వచ్చే కెరటాన్ని తీసుకొందాము. అడుగున నీరు 4 సెకన్లు సెకనుకు 1 మీటరు వేగంతో ఒడ్డుకు, 8 సెకన్లు సెకనుకు అర మీటరు వేగంతో లోపలికి కదిలిందనుకొందాము. నీరు అటు 4 మీటర్లు, ఇటు 4 మీటర్లు, లెక్క సరిపోయింది. మరి ఇసుక సంగతి? ఇసుకను మోసే శక్తి వేగానికి అనులోమంగా పెరగదు. సుమారుగా వేగపు ఘనానికి అనులోమంగా పెరుగుతుందని పెట్టుకోవచ్చును. అప్పుడు ఒడ్డువైపు మోత 1 × 4 = 4. సముద్రంవైపు మోత 0.125 × 8 = 1. నీరు ఎక్కడిదక్కడే ఉన్నది గాని, ఇసుక ఒడ్డుకు నడిచింది.

ఇప్పుడు కెరటం విరిగిందనుకొందాము. విరిగిన కెరటం నురుగుతో కూడిన నీటిని పైపైన ఒడ్డుకు నెడుతుంది. ఆ నీరు ఒడ్డున పేరుకొని మట్టం కొంచెం లేస్తుంది. పేరుకొన్న నీరు ఎటో తిరిగిపోక తప్పదు గనుక, అడుగు భాగాన సముద్రంవైపు ఒక ప్రవాహం ఏర్పడుతుంది. ఈ అడుగు ప్రవాహం వేగం సెకనుకు 0.3 మీటరు అనుకొని పై లెక్కలో కలపాలి. ఒడ్డువైపు వేగం 0.7, దాని ఘనం 0.343, నాలుగు సెకన్లకు మోత 1.4. సముద్రంవైపు వేగం 0.8, దాని ఘనం 0.512, ఎనిమిది సెకన్లకు మోత 4.1. అదే కెరటం, ఇసుక మాత్రం దారి మళ్ళింది!

ఈ అంకెలు నమూనా కోసం తీసుకొన్నవే. తుఫానులో కెరటపు వేగాలు ఇంతకంటె హెచ్చు. అడుగు ప్రవాహం కూడా సెకనుకు అర మీటరు దాకా, కొన్ని చోట్ల అంతకు మించి, ఉంటుంది. అయినా విషయం స్పష్టం. తుఫానుకు ప్రత్యేకమైన దుర్గుణం ఏమీ లేదు. కెరటాలు పెద్దవై, ఒడ్డుకు దూరంగానే ఎక్కువగా విరిగి, అడుగు ప్రవాహాన్ని బలపరచటం వల్లనే తూకం తిరగబడుతున్నది.

ఈ లోపానికి గ్రంథకర్తను తప్పు పట్టటం న్యాయం కాదు. కెరటాలు తమతో మోసుకువచ్చే ద్రవ్యవేగం తీరంలో నీటి మట్టాన్ని ఎట్లా మారుస్తుందో, ప్రవాహాలను ఎట్లా నడుపుతుందో లాంగ్వెట్-హిగిన్స్, స్టూవర్ట్ అనే శాస్త్రజ్ఞులు విశదీకరించిన సుప్రసిద్ధ వ్యాసం కూడా 1964లోనే వెలువడింది. పుస్తకం అచ్చవుతున్న ఏడాదిలోనే దానికి కావలసిన సిద్ధాంతం రూపుదిద్దుకొంటున్నదన్నమాట.

మేట వట్టి గాదె కాదు

మూడవ లోపం మేటను చూసే దృష్టిలో ఉన్నది. గ్రంథం చదివినవారికి మేట ఒక గాదెలాగా తోస్తుంది. తుఫాను నింపుతుంది, ప్రశాంత కాలం ఖాళీ చేస్తుంది. గాదె తనంతట తాను చేసేది ఏమీ లేదు. తరువాతి పరిశోధన ఈ అభిప్రాయాన్ని పూర్తిగా మార్చివేసింది.

అమెరికా తూర్పు తీరాన, ఉత్తర కరొలైనా రాష్ట్రంలోని డక్ అనే ఊరివద్ద 1977లో ఆ దేశపు సైనిక ఇంజనీర్ల శాఖ ఒక క్షేత్ర పరిశోధన కేంద్రాన్ని స్థాపించింది. యుద్ధకాలపు లారీ పేరు, ఈ ఊరి పేరు తెలుగులో ఒక్కటిగా వినిపించటం యాదృచ్ఛికం. అక్కడ సముద్రంలోకి సుమారు 560 మీటర్ల పొడవున వంతెన కట్టారు. లోతులు కొలవటానికి సుమారు 10 మీటర్ల ఎత్తున్న మూడు కాళ్ళ వాహనాన్ని వాడారు. కాళ్ళ చివర చక్రాలు సముద్రపు అడుగున దొర్లుతూ ఉంటే, నడిపేవాడు కెరటాలకు పైన కూర్చుని ఉంటాడు. బాస్కం సీసపు గుండుతో చేసిన పనినే ఇది ఎన్నో రెట్లు సూక్ష్మంగా చేసింది. 1994లో జరిగిన పెద్ద ప్రయోగంలో ఒడ్డునుంచి మేట అవతల దాకా వరుసగా పరికరాలు పాతి, తుఫానులోను, ప్రశాంత సమయంలోను నీటి వేగాలను, అడుగు మట్టాన్ని ఎడతెగకుండా నమోదు చేశారు.

ఆ కొలతలలో తేలిన విషయం ఇది. పెద్ద కెరటాలు ఎక్కడ విరగాలో నిర్ణయించేది మేటయే. మేట మీద నీరు పలచన గనుక కెరటం అక్కడ విరుగుతుంది. అక్కడ విరిగినందువల్ల అడుగు ప్రవాహం మేట పరిసరాలలోనే అన్నిటికంటె బలంగా ఉంటుంది. ఆ ప్రవాహం ఒడ్డువైపు నుంచి ఇసుకను ఎత్తి, మేట అవతలి వాలున, తన జోరు తగ్గిన చోట, దింపుతుంది. దానితో మేట సముద్రంవైపు జరుగుతుంది. మేట జరిగితే కెరటాలు విరిగే చోటు కూడా జరుగుతుంది; ప్రవాహపు జోరు దానితోపాటు కదులుతుంది. కెరటం మేటను మలుస్తుంది, మేట కెరటాన్ని మలుస్తుంది. తుఫానులో మేట ఒకటి రెండు రోజులలోనే పదుల మీటర్లు లోపలికి పోవటానికి కారణం ఈ పరస్పర ప్రభావమే.

తిరుగు ప్రయాణం ఇంకా చిత్రమైనది. ఎడారి ఇసుక మీద పరిశోధనలతో ప్రఖ్యాతి పొందిన రాల్ఫ్ బాగ్నోల్డ్ ప్రవాహపు శక్తికి, అది మోసే ఇసుకకు గల సంబంధాన్ని సూత్రీకరించాడు. 1980 ప్రాంతంలో బోవెన్, బెయిలార్డ్ మొదలైనవారు దానిని సముద్ర తీరాలకు అన్వయించారు. పైన చూపిన ఘనపు లెక్క ఆ వంశంలోనిదే. డక్ కొలతలతో పోల్చినప్పుడు ఆ సూత్రాలు తుఫానులో మేట లోపలికి పోవటాన్ని బాగానే చెప్పాయి. ప్రశాంత సమయంలో మేట మెల్లగా ఒడ్డుకు రావటాన్ని మాత్రం చెప్పలేకపోయాయి. 'చిన్న కెరటం ఇసుకను తెస్తుంది' అని పుస్తకాలు ఎంత సులువుగా చెప్పినా, ఎట్లా తెస్తుందో లెక్కకు అందలేదు.

2003లో ఫెర్నాండా హోఫెల్, స్టీవ్ ఎల్గర్ 'సైన్స్' పత్రికలో ఒక పరిష్కారం ప్రతిపాదించారు. విరగబోయే కెరటం ముందుకు వాలి, దాని ముఖం నిటారుగా, వీపు ఏటవాలుగా ఉంటుంది. అటువంటి కెరటం కింద నీటి వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. వేగంతోపాటు త్వరణాన్ని కూడా లెక్కలో చేర్చితే, మేట ఒడ్డుకు రావటం కొలతలతో సరిపోయింది. అలలు, ప్రవాహాలు రెంటి ప్రభావాన్నీ కలిపిన సూత్రం 45 రోజులపాటు మేట అటూ ఇటూ కదిలిన తీరును చూపగలిగింది. అయితే వాదం అక్కడితో ముగిసిపోలేదు. అడుగును ఆనుకొని ఉండే పలచని నీటి పొరలో జరిగే ఘర్షణను వివరంగా లెక్కిస్తే, త్వరణాన్ని విడిగా చేర్చకుండానే అదే ఫలితం రాబట్టవచ్చునని మరికొందరు చూపారు. ఇసుక రేణువు ఒడ్డుకు నడిచే కారణం మీద శాస్త్రజ్ఞుల నడుమ ఈనాటికీ చర్చ ఉండటం విద్యార్థులకు తెలియవలసిన విషయమే.

అడ్డుకోత పటం దాచేది

నాలుగవ లోపం ప్రాణాలతో ముడిపడినది. పాఠకుని మనస్సులో చివరకు మిగిలేది అడ్డుకోత పటం. ఒడ్డు, నీరు, మేట. తీరం పొడవునా అంతటా ఒకటే అన్నట్లు తోస్తుంది. పైనుంచి చూస్తే మేటలు తిన్నని గీతలు కావు. కొన్నిచోట్ల వంకరలు తిరుగుతాయి, కొన్నిచోట్ల తెగి గండ్లు పడతాయి. ఆస్ట్రేలియా తీరాలను పరిశీలించిన రైట్, షార్ట్ 1984లో తీరపు స్థితులను వర్గీకరించినప్పుడు, పెద్ద కెరటాలు తగ్గి మేట ఒడ్డుకు చేరువయ్యే మధ్య దశలలోనే ఈ గండ్లు బాగా ఏర్పడతాయని చూపారు.

మేట మీద విరిగిన కెరటాలు ఒడ్డున పేర్చిన నీరు ఆ గండిని వెతుక్కొని, ఇరుకైన ఏరులాగా సముద్రంలోకి దూసుకుపోతుంది. దీనికి రిప్ ప్రవాహమని పేరు. షెపర్డ్, ఎమరీ, లఫాండ్ 1941లోనే దీనిని గురించి విపులంగా వ్రాశారు. ఆ లఫాండే తరువాత వాల్తేరుకు వచ్చినవాడు. గండిలో నీరు లోతు గనుక అక్కడ కెరటాలు అంతగా విరగవు. నురుగు తక్కువ, నీరు నిమ్మళంగా కనిపిస్తుంది. ఈత రాని పిల్లలు, సముద్రానికి కొత్తవారు, 'ఇక్కడ అలలు లేవు, ఇక్కడ దిగుదాము' అని ఎంచుకొనే చోటు సరిగ్గా అదే! ఈ ప్రవాహం కొన్ని సమయాలలో సెకనుకు 1 మీటరు దాటుతుంది. దానికి ఎదురీది గెలవటం మంచి ఈతగానికి కూడా కష్టం.

తుఫానే దొంగ అని నేర్చిన విద్యార్థి, తుఫాను వెళ్ళిపోయిన తరువాత సముద్రం దాత అయిందని నమ్ముతాడు. వాస్తవంలో తుఫాను మలచి వెళ్ళిన మేటల గండ్లు ఆ తరువాతి తెరిపి రోజులలోనే ప్రాణాలు తీయగలవు. మేటల పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఈ హెచ్చరికను విడిచిపెట్టరాదు. రిప్ ప్రవాహం మనిషిని అడుగుకు లాగదు, దూరానికి మోసుకుపోతుంది. అందులో చిక్కినవారు ఎదురీదకుండా నీటిపై తేలి, చేయి ఎత్తి సహాయం కోరాలి, శక్తి ఉంటే తీరానికి సమాంతరంగా ఈది ప్రవాహాన్ని తప్పించుకోవాలి. ఈ రెండు మాటలు పరీక్షలో అడిగినా అడగకపోయినా చెప్పవలసినవి.

గ్రంథం తన్ను తానే దిద్దుకొన్న చోటు

'ప్రశాంత కాలంలో ఇసుక తిరిగి వస్తుంది' అన్న మాటను షరతు లేకుండా నమ్మితే మరొక పొరపాటు జరుగుతుంది. కోత పడినా పరవాలేదు, సముద్రమే పూడ్చుతుంది అనుకొంటాము. ఇక్కడ మాత్రం గ్రంథానికి పూర్తి మార్కులు ఇవ్వాలి. వాలుగా వచ్చే కెరటాలు తీరం వెంబడి ఇసుకను నది మాదిరిగా నడిపిస్తాయనీ, దానికి అడ్డుకట్ట వేస్తే ఒక పక్క పూడిక, మరొక పక్క కోత తప్పవనీ బాస్కం స్పష్టంగా చెప్పాడు. 1920ల చివర కట్టిన శాంటా బార్బరా రేవు అలగోడను ఆయన ఉదాహరణగా తీసుకొన్నాడు.

ఆంధ్ర తీరంలో ఈ ఇసుక నది నైరుతి ఋతుపవన కాలంలో ఉత్తరానికి, ఈశాన్య ఋతుపవన కాలంలో దక్షిణానికి నడుస్తుంది. ఏడాది మొత్తం మీద నికరంగా ఉత్తరానికే సాగుతుంది. 1970లలో విశాఖపట్నం బయటి రేవుకు అలగోడలు కట్టారు. వాటివద్ద చిక్కుకొనే ఇసుకను తవ్వి ఉత్తరాన ఉన్న నగర తీరానికి చేర్చవలసి రావటం ఈ సూత్రానికి కళ్ళముందున్న సాక్ష్యం. మేటలోని ఇసుక ఒడ్డుకు తిరిగి రావాలంటే ముందు ఆ తీరానికి ఇసుక అందుతూ ఉండాలి. రాబడి తెగిన ఇంట్లో పొదుపు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

తీర్పు

అన్నీ చూస్తే, ఇది తీసిపారవేయదగిన పుస్తకం కాదు; అక్షరాలా అప్పగించుకోదగిన పుస్తకం కూడా కాదు. కెరటాల పుట్టుక, రేణువుకు వాలుకు గల సంబంధం, తీరం వెంబడి ఇసుక నడక అనే విషయాలలో ఈనాటికీ దీనిని నమ్మకంతో విద్యార్థి చేతిలో పెట్టవచ్చును. మేటల అధ్యాయానికి వచ్చేసరికి ఉపాధ్యాయుడు పక్కన కూర్చోవాలి. ఋతువుల పేర్లను ఇక్కడి కెరటాలతో సరిచూపాలి. పన్నెండు సెకన్ల కెరటపు లెక్కను నల్లబల్ల మీద వేయించి, అడుగు ప్రవాహం వేగాన్ని సున్నా నుంచి కొంచెం కొంచెంగా పెంచుతూ, ఎక్కడ ఇసుక దారి మళ్ళుతుందో విద్యార్థులచేతనే కనిపెట్టించాలి. అడ్డుకోత పటం పక్కన పైనుంచి చూసిన పటాన్ని, గండ్లతో సహా, గీయించాలి.

ఆ మాత్రం శ్రమ పడితే, ఒక తరం కిందట ప్రాణాలకు తెగించి సీసపు గుండుతో కొలిచినవాని పనికీ, తరువాత కొలతలు తీసినవారి పనికీ నడుమ ఉన్న అంతరం విద్యార్థికి తెలుస్తుంది. వర్ణన ఎక్కడ ఆగుతుందో, వివరణ ఎక్కడ మొదలవుతుందో గుర్తించటానికి ఈ గ్రంథంకంటె మంచి అభ్యాసం దొరకటం కష్టం.